రుచి చూడని పొంగలి

దీపావళి వెళ్ళిన వారంలోనే బాల్కనీ కడుగుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. తుంటి విరగలేదు. తల గోడకి తగల్లేదు. లోపలి గదిలో మావారు పేపరు చదువుకుంటూ ఉన్నారు కాబట్టి అరిచిన వెంటనే వచ్చి లేపారు. ఒక్క పడటంలోనే ఇంత మంచి జరిగినందుకు ఆస్పత్రికి వెళ్ళే ఆటోలోనే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను, ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తి. కట్టు వేసిన డాక్టరమ్మ, "ఆంటీజీ, అబ్ కిచన్ సే ఛుట్టీ" అని నవ్వింది. వంటింటికి సెలవన్న మాట పెళ్ళయిన తర్వాత నాతో ఎవరూ అనలేదు. నేనూ నవ్వాను.

నవ్వాను కానీ భయం పట్టుకుంది. ముందు ధనుర్మాసం ఉంది.

ఆ నెలంతా తెల్లవారకముందే స్నానం చేసి, స్వామికి వేడివేడిగా కట్టెపొంగలి నైవేద్యం పెట్టడం మా పుట్టింటి అలవాటు. పెళ్ళి చేసుకుని ఈ ఉత్తరాదికి, ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టరుకి వచ్చిన ఏడాది చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా మొదలుపెట్టాను. మావారు రిటైరై, మేము వైశాలిలో ఈ ఫ్లాటు కొనుక్కుని వచ్చాక కూడా మానలేదు. ఆడవాళ్ళకి తప్పని రోజులు, పురుడు వచ్చిన ఏడాది తప్ప ఒక్క పొద్దు తప్పలేదు. ఈసారి తప్పుతుందేమో అన్నదే నా దిగులు. చెయ్యి వంకరగా అతుక్కున్నా పరవాలేదు, ఆ నెలకి మాత్రం గరిటె పట్టుకోగలిగితే చాలనుకున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు, ఎక్కాలు, పద్యాలు నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి నేర్పారు. వంట అమ్మ నేర్పింది. అమ్మ వంటలో మొదటి పాఠం ఉప్పూ కాదు, కారమూ కాదు. పొయ్యి మీద ఉన్నది నోట్లో పెట్టుకోకూడదు. ముందు దేవుడికి చూపించాలి, ఆ తర్వాతే మనిషి నోటికి. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చమనేది. మొదట్లో నాకు వేడి తప్ప ఏమీ తెలిసేది కాదు. ఎప్పుడు తెలియడం మొదలైందో గుర్తులేదు. ఉప్పు తగ్గిన పులుసు ఆవిరి పలచగా ఉంటుంది. అంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇంట్లో నేను వండినదంతా అలా రుచి చూడకుండా వండిందే. బాగుందో లేదో నాకు ముందుగా తెలిసే దారి లేదు. తిన్నవాళ్ళు చెప్పాలి. స్వామి చెప్పడు. మావారూ చెప్పలేదు. ఆయన మంచినీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. వంక పెట్టడం కూడా లేదు. పక్క క్వార్టర్లో ఆవిడ మొగుడు కంచం విసిరేసేవాడు. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా నా అదృష్టానికి నేను దణ్ణం పెట్టుకునేదాన్ని. నైవేద్యం పెట్టినప్పుడు స్వామి ఎలా మాట్లాడకుండా అందుకుంటాడో, ఈయనా అలాగే అందుకుంటున్నారని నా లెక్క. రెండు మౌనాలూ నాకు ఒక్కలాగే ఉండేవి. అందులో ఒక నిండుతనం ఉందనుకునేదాన్ని.

మా అమ్మాయి గుర్‌గావ్‌లో ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తోంది. నా చెయ్యి చూడటానికి వచ్చిన ఆదివారం తనతో ఒక పెద్ద పెట్టె తెచ్చింది. అందులో వంట చేసే మిషను. గిన్నెలోపలే గరిటె లాంటి రెక్క తిరుగుతుంది, వేడి దానంతటదే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. కింద తూకం ఉంది. ముందు చిన్న టీవీ లాంటి అద్దం. ఆవాలు వెయ్యి అంటుంది, వేస్తే ఎన్ని గ్రాములో చూపిస్తుంది, చాలు అంటుంది. ఇంగ్లీషు, హిందీ వచ్చు దానికి. తెలుగు రాదు.

"అమ్మా, యూ జస్ట్ సిట్. పాపా చలాయేంగే" అంది అమ్మాయి, నేను కూర్చుంటే చాలు, నాన్న నడుపుతారని. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇలాగే చెబుతుంది.

ఆయన వంటింట్లో నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. మంచినీళ్ళు కూడా తను కూర్చున్న చోటికే తెప్పించుకునేవారు. అలాంటిది ఆ మిషను ముందు కళ్ళజోడు సవరించుకుని, దానితో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మనిషికి ఒక్కొక్క మెట్టూ చెప్పే వస్తువు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. దానిలో ఉన్న వంటలన్నీ ఉత్తరాది వంటలు. రెండు రోజులు రాజ్మా, పనీరు తిన్నాక, మనవి కూడా అందులో పెట్టొచ్చని కనిపెట్టారు. ఒకసారి తూచి, వరస చెబితే గుర్తుపెట్టుకుంటుందట.

అలా కొన్నాళ్ళు గడిచాయి. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేను చెప్పేదాన్ని. ఆయన పోసేవారు.

"ధనియాలు ఎంత?"

"ఓ గుప్పెడు."

"గుప్పెడంటే ఎవరి గుప్పెడోయ్? నాదా, నీదా?"

ఆయన గుప్పెడు తీస్తే ఎక్కువయ్యేది. నేను ఎడమ చెయ్యి చాపితే అందులో పోసి, అది తీసుకెళ్ళి తూకంలో వేసేవారు. పోపు వాసన వచ్చినప్పుడు నేను ఇక చాలనేదాన్ని, ఆయన టైము చూసుకుని నొక్కేవారు. పప్పుచారు, ముక్కల పులుసు, గుత్తివంకాయ కూరలో పెట్టే పొడి, అన్నీ అలా ఒకటొకటిగా అందులోకి వెళ్ళాయి. ఇప్పుడు తలుచుకుంటే చేదుగా ఉంటుంది కానీ, అబద్ధం చెప్పను, నా కాపురంలో అంత సేపు ఆయన నాతో వంటింట్లో మాట్లాడిన రోజులు అవే. చెయ్యి విరిగినందుకు కూడా స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

మొదట కుదిరింది ముక్కల పులుసు. మిషను పని పూర్తయిందని పాట పాడింది. ఆయన అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. ఆగారు. ఇంకో ముద్ద తిన్నారు.

"అబ్బ, బాగా కుదిరింది" అన్నారు.

నేను తల ఎత్తి చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు, గట్టు మీదున్న మిషను వైపు చూస్తున్నారు. భోజనం కాగానే అమ్మాయికి ఫోను చేసి, మిషను భలే చేస్తోందని, ముక్క చెదరలేదని, పులుపు సరిగ్గా పట్టిందని వివరంగా చెప్పారు. మాటలు అన్ని ఉన్నాయి ఆయన దగ్గర. పులుపు గురించి వేరే, చిక్కదనం గురించి వేరే. మీ అమ్మ చెప్పినట్టే చేశానన్న మాట ఒక్కటి వస్తుందేమోనని ఫోను పెట్టేదాకా కూర్చున్నాను. రాలేదు.

అది నా పులుసే. గుప్పెడు నాది, వరస నాది, దించమన్న క్షణం నాది. ఇన్నేళ్ళూ అదే పులుసు ఆయన కంచంలో పడింది. ఆ రోజు నాకు తెలిసింది: నేను నిండుతనం అనుకున్నది ఉత్త ఖాళీ. దేవుడి మౌనం పక్కన పెట్టి దాన్ని పూజించుకున్నాను.

అనడానికి ఏముంది? ఆయన వండి పెడుతున్నారు, నేను కూర్చుని తింటున్నాను. మా టవర్లో ఉన్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజూ గిన్నె ఫోటో పెట్టడం మొదలుపెట్టారు. పై అంతస్తులో ఉండే హైదరాబాదు అమ్మాయి, ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటుంది, ఒకసారి సాంబారు పట్టుకెళ్ళి గిన్నె తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అంకుల్ సాంబార్ సూపర్ ఉంది ఆంటీ. మీరు నిజంగా లక్కీ. మా ఆయనకు చాయ్ పెట్టడం కూడా రాదు."

"అవునమ్మా" అన్నాను. కాదంటే ఏం చెప్పి కాదనాలి? వండి పెట్టే మొగుడి మీద ఫిర్యాదు ఏ భాషలో చెప్పినా నవ్వుతారు. అమ్మాయికి ఫోనులో ఒకసారి చెప్పబోయాను. "మమ్మా, హీ ఈజ్ ట్రైయింగ్ నా" అంది. నిజమే. మళ్ళీ ఎత్తలేదు.

కట్టు విప్పేసరికి ధనుర్మాసం ముంగిట్లోకి వచ్చింది. చెయ్యి సన్నగా, ఎవరిదో చెయ్యిలా ఉంది. కదుపుతూ ఉండమన్నారు, బరువు మాత్రం ఎత్తొద్దన్నారు. గరిటె తిప్పగలనని ఇంట్లో తిప్పి చూసుకున్నాను. తిరిగింది. నా దిగులు తీరిందని సంతోషపడి, పొంగలి రేపటి నుంచి నేను చేసుకుంటానని ఆయనతో చెప్పాను.

"ఎందుకు శ్రమ? మిషను చేస్తుంది. నువ్వు హాయిగా పూజ చేసుకో" అన్నారు. అందులో మంచితనమే ఉంది. అదే కష్టం. ఆ మొదటి పొద్దుకి ఒప్పుకున్నాను, ఆయన మాట తీసేసినట్టు ఉండకూడదని.

బయట పొగమంచు, ఎదుటి టవరు కూడా కనిపించడం లేదు. తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని నేను దేవుడి గదిలో దీపం పెట్టాను. ఆయన స్వెటరు మీద శాలువా కప్పుకుని బియ్యం, పెసరపప్పు తూచారు. మిరియాలు, జీలకర్ర, అల్లం వేశారు. బాగానే ఉడికింది. చివర్లో మిషను ఆగి, అద్దం మీద ఒక మాట చూపించి గంట కొట్టడం మొదలుపెట్టింది. నాకు హిందీ అక్షరాలు వచ్చు, క్వార్టర్లలో పక్కింటావిడ నేర్పింది. కూడబలుక్కుని చదివాను. రుచి చూసి ఉప్పు సరిచూడమని, చూశాక కింద గీత మీద నొక్కమని. నొక్కితే గాని అది ముందుకు కదలదు, నెయ్యి పోపుకి వెళ్ళదు. రోజూ వంటకి ఈయన అక్కడ ఏం చేస్తున్నారో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"రుచి చూడకూడదండీ" అన్నాను.

"చూడకు. నొక్కెయ్. అదేమన్నా చూస్తుందా?"

"అది చూడదండీ."

అది కాక చూసేవాడు ఎవరో చెప్పక్కర్లేదనుకున్నాను. చూశానని నొక్కితే స్వామి ముందు అబద్ధం ఆడినట్టే. చూస్తే ఎంగిలి. మిషను గంట కొడుతూనే ఉంది. ఆయన విసుగ్గా చెంచా తీసి, గిన్నెలోంచి కాస్త తీసుకుని, ఊదుకుని నోట్లో వేసుకున్నారు. నా ఎదురుగానే.

"సరిపోయింది. మీ స్వామికి కూడా ఈ వయసులో బీపీ ఉంటుంది, ఉప్పు తక్కువే మంచిది" అని నవ్వుతూ అద్దం నొక్కారు.

ఆయనకి తెలియక కాదు. ఇన్నేళ్ళుగా ఆయన తినే ప్రతి ముద్దా ముందు దేవుడి గదికి వెళ్ళి వచ్చిందని తెలుసు. నేను దేవుడి గదిలోకి వెళ్ళి, డబ్బాలో ఉన్న బెల్లం ముక్క తీసి నైవేద్యం పెట్టాను. బయటికి వస్తే బల్ల మీద నా కంచంలో పొంగలి వేడిగా వడ్డించి ఉంది, మధ్యలో గుంట చేసి నెయ్యి వేసి. అంత బాగా వడ్డించారు. కూర్చుని తిన్నాను. ఏ వంకా లేదు దానికి.

మర్నాడు ఇంకా ముందే లేచాను. ఇత్తడి గిన్నె తీసి, మామూలు పొయ్యి వెలిగించి, ఎడమ చేత్తో గిన్నె పట్టుకుని కుడి చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పొంగలి చేశాను. ఆవిరి మీదికి వంగినప్పుడు కళ్ళజోడు మసకబారింది. వాసన తెలిసింది. ఆ క్షణంలో నేను పోగొట్టుకున్నదేమీ లేదనిపించింది. తీరా దించబోతే మణికట్టు ఒప్పుకోలేదు. పట్టుకారు జారింది. అడుగంటుతున్న వాసన మొదలయ్యేసరికి వేరే దారి లేక ఆయన్ని పిలిచాను. ఆయన నిద్రకళ్ళతో వచ్చి దించారు.

"మొండితనం కాకపోతే ఏమిటోయ్ ఇది? మళ్ళీ విరగ్గొట్టుకుంటే అమ్మాయికి ఏం చెప్పమంటావు?" అన్నారు. ఆ మాటలోనూ తప్పు లేదు. నేను నైవేద్యం పెట్టుకుని వచ్చేసరికి ఆయన మిషను ఆన్ చేసుకుని తన పొంగలి తాను వండుకుంటున్నారు. ఆయనకి సుగరు. నెయ్యి తగ్గించి, బియ్యం బదులు కొర్రలు వేసే లెక్క ఒకటి అందులో పెట్టుకున్నారట. నాది తింటే సుగరు పెరుగుతుందన్నారు.

అలా ఆ నెలలో మా ఇంట్లో రోజూ రెండు పొంగళ్ళు. ఆయన దించి పెట్టేవారు, అది మానలేదు, అందుకు ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. దించి, తన గిన్నె వైపు తిరిగిపోయేవారు. మొదట నాలుగు రోజులు అలవాటు కొద్దీ ఇద్దరికీ సరిపడా వండి, మిగిలింది మధ్యాహ్నం, రాత్రి నేనే తిన్నాను. తర్వాత బియ్యం తగ్గించాను. పెళ్ళయిన దగ్గర నుంచి ఒక్క మనిషికి వండటం ఎరగను. ఎసరు ఎంత పెట్టాలో కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ప్రసాదం పంచుదామని పై అంతస్తు అమ్మాయికి ఇవ్వబోతే, పాపం ఆమె మర్యాదగానే, "అంకుల్‌ది కొంచెం ఉందా ఆంటీ, మేము కూడా కొర్రలే తింటున్నాం" అని అడిగింది. ఉందని చెప్పి అదే ఇచ్చాను.

నెల సగం దాటాక ఒక పొద్దున మిషను మొరాయించింది. కంపెనీవాళ్ళు ఇంటర్నెట్టులోంచి దానికేదో కొత్తది పంపిస్తున్నారట, అది ఎక్కేదాకా ఆగమని అద్దం మీద చక్రం తిరుగుతూ ఉంది. ఆయన ఫోను చేతిలో పెట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. చివరికి బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"నీది కాస్త పెట్టు" అన్నారు.

స్వామి ముందు పెట్టి తీసుకొచ్చిన గిన్నెలోంచి వడ్డించాను. నాకోసం ఉంచుకున్నది కూడా వేశాను. నా గుండె ఎలా కొట్టుకుందో చెబితే ఈ వయసులో సిగ్గు. ఎదురుగా కూర్చుని, చూడనట్టే చూస్తూ ఉన్నాను. మొదటి ముద్ద తిన్నారు. ఆగారు, ముక్కల పులుసు రోజు ఆగినట్టే. తర్వాత తల వంచుకుని వేగంగా తిన్నారు. సుగరు మాట ఎత్తలేదు.

"ఇంకాస్త ఉందా?"

గిన్నె గీకి వేశాను. అదీ తిన్నారు. నేను ఎదురుచూస్తున్నాను. ఒక్క మాట. అది విని చచ్చిపోయినా పరవాలేదన్నంత ఆశ. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ నిలబడ్డారు.

"ఇందులో మిరియాలు ఎంత వేశావు? ఉప్పు?"

"తెలియదండీ. వేళ్ళతో వేస్తాను."

"రేపు వేసే ముందు ఒకసారి తూచు. అందులో పెట్టేస్తాను, రోజూ ఇలాగే వస్తుంది."

అదే పొగడ్త అనుకోమని మా అమ్మాయి అంటుంది, తర్వాత చెబితే. ఆయనకి అంతకంటే వేరే రీతి రాదంటుంది. కావచ్చు. పులుసు మిషను చేసినప్పుడు మాత్రం వచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి పక్కనే మిషను తెచ్చి పెట్టి ఉంది. దాని తూకం మీద చిన్న స్టీలు గిన్నె, పక్కన చెంచా. రాత్రే సర్దిపెట్టుకుని పడుకున్నారు. అద్దం మీద సున్నా వెలుగుతోంది. బియ్యం కడిగాను. పప్పు దోరగా వేయించాను. ఎసరు మరిగింది. ఉప్పు డబ్బా మూత తీసి, మూడు వేళ్ళతో పట్టుకున్నాను. స్టీలు గిన్నెలో వేసి, మళ్ళీ అందులోంచి తీసి వేస్తే పోయేదేమీ లేదు. ఇంతకుముందు నా పులుసులు, పొడులు అన్నీ అలాగే ఇచ్చాను, అడిగిన వెంటనే, సంతోషంగా.

ఉప్పు నేరుగా ఎసట్లో వేశాను. మిరియాలు కూడా.

దించే వేళకి ఆయన వచ్చారు. దించి, తూకం వైపు చూశారు.

"తూచావా?"

"లేదండీ."

"మర్చిపోయావా?"

"లేదు."

నా ముఖంలోకి చూశారు. నేను పట్టుకారు అందుకుని మేకుకి తగిలించాను. ఆయన స్టీలు గిన్నె తీసి పక్కన పెట్టి, కొర్రలు తూచుకోవడం మొదలుపెట్టారు. నేను ఆకు కప్పిన గిన్నెతో దేవుడి గదిలోకి వెళ్ళాను. స్వామి ముందు ఆకు తీసి, నీళ్ళు తిప్పి, ఆ రోజు మాత్రం ఏమీ కోరుకోలేదు, కృతజ్ఞత కూడా చెప్పలేదు. కళ్ళు మూసుకుని ఆవిరి ఆగేదాకా కూర్చున్నాను.

బయట మిషను గంట కొట్టింది. కాసేపటికి ఆయన తన కంచం, నేను నా కంచం తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర తిన్నాం. మంచు ఇవాళ తొందరగా విడిచేట్టుందని ఆయన అన్నారు. అవునన్నాను.